నిజమైన పసికందులా కనిపించే రీబార్న్ బొమ్మకు రంగులు వేయడం ఎలా?

పుట్టి వారం దాటని పసిబిడ్డ పాదాన్ని కిటికీ వెలుతురులో కాసేపు నిదానంగా చూస్తే, దానికి ఫలానా రంగు అని చెప్పలేమని అర్థమవుతుంది. మడిమ ఎర్రగా ఉంటుంది, అరికాలి మధ్య భాగం పాలిపోయినట్టు ఉంటుంది, వేళ్ల కొసలకు కాస్త నీలం తిరుగుతుంది, చీలమండ దగ్గర చర్మం కింద నరాలు లీలగా కనిపిస్తాయి. ఈ రంగుల్లో ఏదీ చర్మం మీద పూసినట్టు ఉండదు, అన్నీ లోపలి నుంచి పైకి తేలి వచ్చినట్టే ఉంటాయి. రీబార్న్ బొమ్మ తయారీలో పని అంతా ఈ భ్రమను వినైల్ అనే మెత్తని ప్లాస్టిక్ మీద కలిగించడమే. కనుక ఏ పొరనైనా వేసిన తరువాత ‘ఇంతకీ రంగు పడిందా, లేదా?’ అని మీకు అనుమానం వచ్చేంత పలుచగా వేయాలి. కింద చెప్పబోయే విషయాలన్నీ ఈ ఒక్క మాటను ఆచరణలో పెట్టడానికే.

మొదట్లో ఈ పని చేసేవారు మామూలు బొమ్మను విడదీసి, దాని రంగును తుడిచేసి, కొత్తగా రంగులు వేసేవారు. బొమ్మ మళ్లీ పుట్టినట్టు అవుతుంది కాబట్టి దీనికి రీబార్న్ అనే పేరు స్థిరపడింది. ఇప్పుడు శిల్పులు మలిచిన పసిబిడ్డ రూపాన్ని అచ్చు పోసి, ఏ రంగూ వేయని వినైల్ తల, చేతులు, కాళ్లను, వాటికి సరిపోయే గుడ్డ శరీరాన్ని కలిపి కిట్‌గా అమ్ముతున్నారు. మొదటిసారి చేసేవారు కళ్లు మూసుకుని నిద్రపోతున్న బిడ్డ కిట్‌ను ఎంచుకోవడం మంచిది. కళ్లు అమర్చే పని తప్పుతుంది, పైగా నిద్రపోతున్న ముఖంలో చిన్న లోపాలు అంతగా బయటపడవు. పొడవు 18 నుంచి 20 అంగుళాలు ఉంటే అప్పుడే పుట్టిన బిడ్డ ప్రమాణానికి సరిపోతుంది. అంతకన్నా ముఖ్యంగా చూడవలసింది ముడతలను. అరచేతి గీతలు, వేళ్ల కణుపులు, పాదాల మడతలు శిల్పంలోనే లోతుగా ఉన్న కిట్ అయితే రంగు తనంతట తానే ఆ గీతల్లోకి చేరి సగం పని చేసి పెడుతుంది. నునుపుగా ఉన్న కిట్‌లో ఆ గీతలన్నీ మీరే బ్రష్‌తో కల్పించాలి.

రంగులు, ఒవెన్, వెలుతురు

ఈ పనికి వాడే రంగులు ప్రధానంగా రెండు రకాలు. గాలికి ఆరే యాక్రిలిక్ రంగులకు ఒవెన్ అవసరం లేదు, వాసన తక్కువ, కానీ అవి నిమిషాల్లో ఆరిపోతాయి కాబట్టి తప్పు దిద్దుకునే వ్యవధి ఉండదు. రెండో రకం వేడికి గట్టిపడే రంగులు. జెనెసిస్ హీట్ సెట్ పేరుతో ఈ రంగంలో చాలామందికి పరిచయమైనవి ఇవే. వీటిని దాదాపు 130 డిగ్రీల సెల్సియస్ వద్ద 8 నుంచి 10 నిమిషాలు బేక్ చేస్తేనే గట్టిపడతాయి, అప్పటిదాకా ఆరవు. మీరు వేసిన నరం వంకరగా వచ్చిందనుకోండి, గంట తరువాత చూసుకుని తుడిచేసినా దాని ఆనవాలు మిగలదు. ఈ ఒక్క సౌలభ్యం కోసమే కొత్తవారికి నేను వేడికి గట్టిపడే రంగులనే సూచిస్తాను. మిగతా వివరణ కూడా వాటిని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను. ఉష్ణోగ్రత, వ్యవధి విషయంలో మాత్రం మీరు కొన్న రంగు డబ్బా మీద రాసి ఉన్నదే ప్రమాణం.

వంటకు వాడే ఒవెన్‌ను ఈ పనికి వాడకూడదు. బొమ్మల కోసం విడిగా ఒక చిన్న ఒవెన్ పెట్టుకుని, దాన్ని కిటికీలు తెరిచి ఉన్న గదిలో గానీ, గాలి బాగా ఆడే వరండాలో గానీ ఉంచాలి. వినైల్ మితిమీరి వేడెక్కితే ఘాటైన, హానికరమైన వాయువులు వెలువడతాయి. ఒవెన్ మీద తిప్పే మీటను నమ్మవద్దు, లోపల పెట్టే థర్మామీటర్ ఒకటి తప్పనిసరిగా కొనండి. నా మొదటి బొమ్మకు నేను ఆ మీటనే నమ్ముకున్నాను. అది 130 చూపిస్తూనే ఉంది, లోపల వేడి మాత్రం దాన్ని దాటిపోయినట్టుంది. బయటికి తీసేసరికి ఒక బుగ్గ నూనె రాసినట్టు మెరుస్తోంది, ట్రేకు ఆనుకున్న కాలి వేళ్లు రెండు అప్పడంలా అణిగిపోయి ఉన్నాయి. వేడెక్కిన వినైల్ మెత్తబడుతుంది కాబట్టి ప్రతి భాగాన్నీ మడతపెట్టిన నూలు తువ్వాలు మీద, వేళ్లు దేనికీ తగలకుండా పెట్టాలి. తలను తువ్వాలుతో చుట్టిన కుదురు మీద నిలపాలి. బయటికి తీసిన తరువాత వాటంతట అవే పూర్తిగా చల్లారే వరకు నొక్కడం, ఒత్తి పట్టుకోవడం చేయకూడదు.

వెలుతురు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పగటి వెలుగులో గానీ, పగటి వెలుగును పోలిన తెల్లని దీపం కింద గానీ మాత్రమే రంగులు కలపండి. ఒక రాత్రి పసుపు వెలుతురులో బుగ్గలకు ఎరుపు అద్ది, చాలా సహజంగా వచ్చిందని మురిసిపోయి బేక్ చేసి పడుకున్నాను. తెల్లవారి చూస్తే ఎవరో ఆ బిడ్డకు రెండు చెంపలూ వాయించినట్టు ఉంది. బేక్ అయిన పొర మామూలుగా తుడిస్తే పోదు. దాని మీద పలుచని ఆకుపచ్చ, చర్మపు రంగు పొరలు నాలుగు వేసి ఎరుపును అణచవలసి వచ్చింది.

పనిముట్లు పెద్దగా ఏమీ అక్కర లేదు. ముఖానికి పౌడర్ అద్దుకునే ముక్కోణపు స్పాంజ్‌లు ఒక పొట్లం, రంధ్రాలు ఎక్కువగా ఉన్న సముద్రపు స్పాంజ్ ఒక ముక్క, గుండ్రటి మెత్తని కుచ్చు బ్రష్‌లు రెండు, కనుబొమలకు, ముడతలకు అతి సన్నని బ్రష్‌లు రెండు మూడు, రంగును పలుచన చేసే వాసన లేని థిన్నర్, పింగాణీ పలక, పీచు రాలని గుడ్డలు ఉంటే చాలు. బ్రష్ వెంట్రుక ఒకటి రాలి తడి రంగులో ఉండిపోతే, బేక్ అయిన తరువాత అది మచ్చలా శాశ్వతంగా నిలిచిపోతుంది. అందుకని ప్రతిసారీ ఒవెన్‌లో పెట్టే ముందు ప్రతి భాగాన్నీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని తిప్పి చూడటం అలవాటు చేసుకోండి.

కడగడం, రంధ్రాలు తెరవడం

కొత్త కిట్ మీద అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి వాడిన జిడ్డు పొర ఉంటుంది. అది ఉన్నచోట రంగు పట్టదు. గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు కలిపిన గోరువెచ్చని నీటిలో మెత్తని టూత్‌బ్రష్‌తో చెవుల మడతలు, వేళ్ల సందులు, మెడ ముడతలు వదలకుండా రుద్ది, సబ్బు పూర్తిగా పోయేలా కడిగి, లోపలి వైపు కూడా తడి లేకుండా ఒక పూటంతా ఆరనివ్వండి. ఆ తరువాత చేతి నూనెలు అంటకుండా భాగాలను మెడ అంచు దగ్గరో, కీలు అంచు దగ్గరో మాత్రమే పట్టుకోవాలి.

ముక్కు రంధ్రాలు కొన్ని కిట్లలో మూసుకునే ఉంటాయి. వాటిని సన్నని చేతి డ్రిల్లుతో గానీ, వేడి నీటిలో తలను కాస్త మెత్తబరిచి దబ్బనంతో గానీ లోపలికి, కొద్దిగా పైకి వాలుగా తెరిచి, అంచులను సన్నని గరుకు కాగితంతో నునుపు చేయండి. ఈ చిన్న పని ముఖానికి ఎంత తేడా తెస్తుందో చేసి చూస్తే తప్ప తెలియదు. రంధ్రం లోపల తరువాత ముదురు ఎరుపు అద్దితే నీడ వచ్చి, శ్వాస ఆడుతున్నట్టు అనిపిస్తుంది.

చర్మం కింది రంగులు

వినైల్‌కు సహజంగా ఉండే గులాబీ, నారింజ ఛాయే దాన్ని ప్లాస్టిక్ అని పట్టి ఇచ్చేది. ఎరుపును ఆకుపచ్చ, నారింజను నీలం అణచివేస్తాయన్నది రంగుల శాస్త్రంలో మొదటి పాఠం. అందువల్ల మొదటి పొరగా బాగా పలుచన చేసిన ఆకుపచ్చను, రెండో పొరగా ఊదా కలిసిన నీలాన్ని వేస్తారు. పలుచన అంటే ఎంత అన్న ప్రశ్నకు నా కొలత ఇది: రంగు కలిపిన థిన్నర్‌ను తెల్ల పింగాణీ మీద ఒక చుక్క వేసి పలకను వాలిస్తే, అది మరకలా కాకుండా రంగునీళ్లలా జారిపోవాలి. దాన్ని కుచ్చు బ్రష్‌తో భాగమంతా పూసి, థిన్నర్ కొంత ఆవిరయ్యే దాకా ఆగి, పొడి స్పాంజ్‌తో పైకీ కిందికీ చకచకా అద్దుతూ పోతే బ్రష్ గీతలన్నీ మాయమై పొగమంచు లాంటి పూత మిగులుతుంది. రుద్దకూడదు, అద్దాలి. ఈ తేడా చేతికి పట్టుబడటానికి కిట్ మీద కాకుండా, పాడైన ఏదైనా పాత వినైల్ బొమ్మ కాలి మీద రెండు మూడు సార్లు సాధన చేయండి.

ఈ పొర బేక్ అయిన తరువాత నరాలు వేయాలి. నీలం, ఆకుపచ్చ, కొద్దిగా ఊదా కలిపి, సన్నని బ్రష్‌తో కణతల మీద, కనురెప్పల మీద, ముక్కు మొదట్లో, మణికట్టు లోపలి వైపు, పాదం పైభాగంలో గీస్తారు. గీత ఒకే మందంతో, ఒకే వంపుతో సాగితే పటం మీది నదిలా ఉంటుంది. నిజమైన నరం కొంత దూరం కనిపించి, లోపలికి మునిగి, మళ్లీ ఇంకోచోట తేలుతుంది. కాబట్టి గీసిన వెంటనే వేలికి తొడిగిన స్పాంజ్‌తో అక్కడక్కడా నొక్కి చెరిపేయాలి. గీసినదానిలో మూడో వంతు మిగిలితే చాలు. పైన ఇంకా పది పన్నెండు పొరలు రానున్నాయి కాబట్టి ఇప్పుడు కాస్త స్పష్టంగా ఉన్నా నష్టం లేదు. మొత్తం పనిలో ఇంత ధైర్యం చూపగల పొర ఇదొక్కటే.

చుక్కల పొర

పసిబిడ్డకు చలి తగిలితే చర్మం మీద ఎరుపు, నీలం కలిసిన వలలాంటి మరకలు తేలుతాయి. చర్మానికి దగ్గరగా ఉన్న సన్నని రక్తనాళాలు కొన్నిచోట్ల ముడుచుకుని, కొన్నిచోట్ల తెరుచుకుని ఉండటం వల్ల ఇలా జరుగుతుంది. బొమ్మకు జీవం వచ్చేదీ, రానిదీ ఈ పొర దగ్గరే తేలిపోతుంది కాబట్టి తొందర పడకండి.

సముద్రపు స్పాంజ్ నుంచి రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్ద ముక్కను కత్తెరతో కాకుండా చేత్తో చించి తీయండి. చించిన అంచు సమంగా ఉండదు, మనకు కావలసిందీ అదే. పలుచని ఎరుపులో ముంచి, గుడ్డ మీద రెండు మూడు సార్లు అద్ది తడి తగ్గించి, అప్పుడు బొమ్మ మీద తాకించాలి. ఒకసారి తాకించిన తరువాత స్పాంజ్‌ను చేతిలో కాస్త తిప్పి రెండో చోట తాకించండి, లేకపోతే ఒకే గుర్తు పదే పదే పడి గోడకు అచ్చు వేసినట్టు తయారవుతుంది. మరకల మధ్య చిక్కుడు గింజంత ఖాళీలు వదులుతూ పోవాలి, ఎందుకంటే చూసేవారి కంటికి వల ఆకారాన్ని ఇచ్చేది ఆ ఖాళీలే. ఎరుపు తరువాత బేక్ చేసి, రెండో విడతగా నీలం కలిసిన ఊదాను ఎరుపు పడనిచోట్ల సగం, పడినచోట్ల సగం కలిసేలా వేయండి. మూడో విడతలో చర్మపు రంగుతో ఆ ఖాళీలను మాత్రమే తాకండి. తొడలు, పిక్కలు, భుజాల మీద ఈ మరకలు కాస్త ఎక్కువగా, ముఖం మీద చాలా తక్కువగా ఉండాలి. నుదుటి మీద అసలు లేకపోయినా లోటు లేదు.

ఈ దశ పూర్తయ్యాక బొమ్మ భయం పుట్టేలా ఉంటుంది. దెబ్బలు తగిలిన బిడ్డలా మచ్చలు మచ్చలుగా కనిపించి, అంతా పాడుచేశామనే అనిపిస్తుంది. చాలామంది మొదటి బొమ్మను ఇక్కడే వదిలేస్తారు. వదలకండి, తరువాతి చర్మపు పొరలు మూడు పడేసరికి ఇదంతా లోపలికి వెళ్లిపోతుంది.

చర్మపు పొరలు

తెలుపు రంగు చర్మమైతే లేత పసుపు, లేత గులాబీ, కొద్దిగా గోధుమ కలిపిన పలుచని పొరలు నాలుగైదు సరిపోతాయి. చామనచాయకు, ఇంకా ముదురు ఛాయలకు పొరల సంఖ్య పెరుగుతుంది. ఒకే మందపాటి గోధుమ పూతతో ముదురు ఛాయ తేవాలని చూడటం చాలామంది చేసే పొరపాటు. అలా చేస్తే కింద వేసిన నరాలు, మరకలు అన్నీ కప్పుకుపోయి చెక్కబొమ్మ మిగులుతుంది. రా సియెన్నా లాంటి పసుపు గోధుమతో మొదలుపెట్టి, బర్న్‌ట్ సియెన్నా లాంటి ఎర్ర గోధుమ వేసి, ఆపైన బర్న్‌ట్ అంబర్ లాంటి ముదురు గోధుమతో ముగిస్తూ, ఒక్కో రంగును రెండేసి మూడేసి పలుచని పొరలుగా పెంచుకుంటూ పోవాలి. ముదురు కావాలని నలుపు కలపవద్దు, చర్మం బూడిద పట్టినట్టు అవుతుంది. ముదురు గోధుమలో కాస్త నీలం కలిపితే లోతు వస్తుంది. ముదురు ఛాయ బిడ్డల్లో అరచేతులు, అరికాళ్లు లేత రంగులో ఉంటాయి. చెవుల పై అంచులు, గోళ్ల చుట్టూ ఉండే చర్మం, వేళ్ల కణుపులు మిగతా ఒంటి కన్నా ముదురుగా ఉంటాయి. బొమ్మను చూసినవారికి ఈ తేడా ఉందని తెలియకపోవచ్చు గానీ, అది లేకపోతే ఏదో లోపించిందని మాత్రం వెంటనే తెలుస్తుంది.

ప్రతి రెండు పొరలకూ ఒకసారి తల, చేతులు, కాళ్లను పక్కపక్కన పెట్టి చూసుకోండి. భాగాలను వేర్వేరు రోజుల్లో వేస్తే ఛాయలు కలవవు. అందుకే ఒక పొరకు కావలసిన రంగును ఒకేసారి కలిపి, అన్ని భాగాలకూ ఒకే విడతలో కూర్చుని వేయడం, మిగిలినదాన్ని మూత ఉన్న చిన్న సీసాలో దాచుకోవడం మంచిది. వేడితో తప్ప ఆరని రంగు కాబట్టి అది నెలల తరబడి నిలుస్తుంది.

ఎరుపులు, ముడతలు, గోళ్లు

బిడ్డ ఒంట్లో రక్తం ఎక్కడ తేలి కనిపిస్తుందో అక్కడే ఎరుపు అద్దాలి: బుగ్గలు, ముక్కు కొస, చుబుకం, చెవి తమ్మెలు, కనురెప్పలు, మోచేతులు, మోకాళ్లు, మడిమలు, వేళ్ల కొసలు, అరికాలి ముందు భాగం. ఎరుపును మధ్యలో పెట్టి, అంచులను పొడి కుచ్చు బ్రష్‌తో చుట్టూ చెదరగొట్టాలి. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియకూడదు. పుట్టిన మొదటి ఒకటి రెండు రోజుల్లో చేతులు, పాదాలు నీలంగా ఉండటం సహజం కనుక, అప్పుడే పుట్టిన బిడ్డను చేయదలచుకుంటే గోళ్ల మొదళ్ల దగ్గర ఎరుపుకు బదులు పలుచని ఊదా అద్దండి.

ముడతలకు గోధుమ ఎరుపును పలుచన చేసి, సన్నని బ్రష్‌తో గీతలోకి వదిలి, పైన మిగిలినదాన్ని స్పాంజ్‌తో తుడిచేయాలి. మెడ మడతల్లో, మణికట్టు దగ్గర దారం కట్టినట్టుండే మడతలో, అరచేతి గీతల్లో, కనురెప్ప మీది గీతలో ఇది చేయండి. అరచేతిని ఒక్కసారి దగ్గరగా చూడండి: పెద్ద గీత లోతున ముదురుగా, రెండు కొసలకూ పోయేసరికి కలిసిపోయి ఉంటుంది. మొత్తం గీతను ఒకే ముదురుతో నింపితే పెన్నుతో గీసినట్టు ఉంటుంది.

పెదవుల రంగు రెండు పెదవులు కలిసే గీత దగ్గర ముదురుగా మొదలై, బయటి అంచుకు చర్మంలో కలిసిపోవాలి. పెదవి చుట్టూ స్పష్టమైన గీత ఉంటే లిప్‌స్టిక్ వేసినట్టు కనిపిస్తుంది. పాలు తాగే బిడ్డల పైపెదవి మధ్యలో చిన్న పొక్కులాంటిది ఉంటుంది. అక్కడ ఒక లేత రంగు చుక్క పెట్టి తడి మెరుపు ఇస్తే ముఖం ఎంతగానో మారుతుంది. గోళ్లకు ముందు గులాబీ, ఆపైన కొసన వెంట్రుకంత తెల్ల గీత పెట్టాలి. నెలలు నిండి పుట్టిన బిడ్డకు గోళ్లు వేలి కొసదాకా పెరిగి ఉంటాయి. ముక్కు మీద పాలపొక్కులకు పళ్లపుల్ల కొనతో లేత మీగడ రంగు చుక్కలు ఐదారు చాలు. మెడ వెనుక, కనురెప్పల మీద చాలామంది బిడ్డలకు పుట్టుకతో ఉండే గులాబీ మరకలు వేయదలిస్తే ఒకటి వేయండి. అన్నీ ఒకే బొమ్మకు పెడితే వైద్య పాఠం కోసం చేసిన నమూనాలా అవుతుంది.

తరువాత మెరుపు లేని వార్నిష్‌ను స్పాంజ్‌తో అద్ది బేక్ చేయాలి. దీన్ని బ్రష్‌తో పూస్తే గీతలు పడతాయి, స్పాంజ్‌తో అద్దితే చర్మరంధ్రాలను పోలిన సన్నని గరుకుదనం వస్తుంది. మెరుపు వార్నిష్ కంటి లోపలి మూలకు, పెదవుల మధ్యకు, గోళ్లకు మాత్రమే, అదీ చాలా కొద్దిగా వాడాలి.

కళ్లు, వెంట్రుకలు

కళ్లు తెరిచిన కిట్ అయితే, ఒవెన్ పనులన్నీ ముగిసిన తరువాతే కళ్లు అమర్చాలి. చాలా కిట్లకు 20 లేక 22 మిల్లీమీటర్ల కళ్లు పడతాయి, కిట్‌తో వచ్చే వివరంలో ఆ కొలత ఉంటుంది. కంటి గుంటల చుట్టూ జుట్టు ఆరబెట్టే డ్రైయర్‌తో వేడి చేసి, మెత్తబడగానే తల లోపలి నుంచి బొటనవేలితో కంటిని నెట్టండి. రెండు కళ్లూ ఒకే చోటును చూస్తున్నాయో లేదో అద్దంలో చూసుకోవాలి. నేరుగా చూస్తే కనిపించని మెల్ల అద్దంలో ఇట్టే పట్టుబడుతుంది. పై రెప్ప కనుపాప పై అంచును కాస్త కప్పేలా ఉంటే చూపు మెత్తగా ఉంటుంది, కనుపాప చుట్టూ తెలుపు కనిపిస్తే బిడ్డ బెదిరినట్టు ఉంటుంది. సరిగ్గా కుదిరాక లోపలి నుంచి జిగురుతో బిగించండి.

కనుబొమలను ముందే, చివరి వార్నిష్‌కు ముందు రంగుతోనే గీస్తారు. పసిబిడ్డ కనుబొమ ఉందా లేదా అన్నట్టు ఉంటుంది కాబట్టి, జుట్టు రంగు కన్నా రెండు ఛాయలు లేతైన రంగుతో ముక్కు వైపు నిటారుగా, బయటి కొసకు పోయేకొద్దీ వాలుగా విడివిడి వెంట్రుకలు గీయాలి.

తలవెంట్రుకలకు అంగోరా మేక ఉన్ని అయిన మోహెయిర్ వాడతారు. అది మనిషి వెంట్రుక కన్నా మెత్తగా ఉండి పసిబిడ్డ జుట్టును బాగా పోలుతుంది. ఒక్కో వెంట్రుకను ముళ్లు ఉన్న ఫెల్టింగ్ సూదితో వినైల్‌లోకి గుచ్చుతారు. సూది సంఖ్య పెరిగేకొద్దీ అది సన్నబడుతుంది, 40 దాటిన సన్న సూదులతో పడే రంధ్రం కంటికి ఆనదు. ముందుగా తల వెనుక సుడి ఎక్కడ ఉండాలో నిర్ణయించి, అక్కడి నుంచి జుట్టు తిరిగే దిశలను కడిగితే పోయే పెన్సిల్‌తో గీసుకోండి. సూదిని నిటారుగా గుచ్చితే వెంట్రుక కుంచెలా లేచి నిలబడుతుంది. తలకు దాదాపు ఆనించి, వెంట్రుక పడుకోవలసిన దిశకు అనుగుణంగా వాలుగా గుచ్చాలి. లోపలికి దిగిన సూదిని పక్కకు వంచితే విరుగుతుంది కాబట్టి, దిగిన దారిలోనే వెనక్కి తీయాలి. ఒక రంధ్రానికి ఒకటి, నుదుటి అంచున మరీ పలుచగా, ఇలా తల నిండడానికి వారాలు పడుతుంది. రోజుకు గంట చొప్పున చేసేవారి బొమ్మే బాగుంటుందని నా అనుభవం, ఎందుకంటే అలసిన చేయి రంధ్రాలను వరుసగా పెడుతుంది, వరుసలు కనిపిస్తే తల నారుమడిలా అవుతుంది. పని పూర్తయ్యాక తల లోపల ఆరినా సాగే గుణమున్న జిగురు రాసి వెంట్రుకలను పట్టించాలి. ఇంత ఓపిక లేనివారు జుట్టును కూడా రంగుతోనే గీయవచ్చు, బాగా గీసిన జుట్టు అరకొరగా నాటిన జుట్టు కన్నా ఎంతో మేలు.

బరువు, కూర్పు, జాగ్రత్తలు

ఎత్తుకున్నప్పుడు తల వెనక్కి వాలి, మెడ కింద చేయి పెట్టాలని మీకు తోచిందంటే బరువు సరిగ్గా కుదిరినట్టు. మొత్తం బరువు రెండున్నర నుంచి మూడు కిలోల మధ్య ఉంచి, సన్నని గాజు పూసలను పలుచటి మేజోడు గుడ్డ సంచుల్లో మూతి గట్టిగా కట్టి వాడండి. తలలో, పిరుదుల దగ్గర ఎక్కువగా, చేతుల్లో తక్కువగా ఉంచి, మిగతా ఖాళీని పాలియెస్టర్ దూదితో వదులుగా నింపాలి. ఇసుక తేమను పట్టి ఉంచుతుంది, ధాన్యానికి పురుగు పడుతుంది, రెండూ వద్దు. గుడ్డ శరీరం అంచులను వినైల్ గాడిలో కూర్చి కేబుల్ టై అనే ప్లాస్టిక్ పట్టీతో బిగించి, మిగిలిన తోకను నునుపుగా కత్తిరించండి.

పాలపీక నిలవడానికి పెదవుల వెనుక అయస్కాంతం పెట్టే పద్ధతి ఉంది. పేస్‌మేకర్ ఉన్నవారి దగ్గరికి అలాంటి బొమ్మను తీసుకువెళ్లకూడదు, అయస్కాంతం ఊడి చిన్నపిల్లల నోట్లోకి పోతే ప్రాణాపాయం కూడా. అయస్కాంతం లేకపోయినా, ఈ బొమ్మ చిన్నపిల్లలు ఆడుకోవడానికి చేసినది కాదని తీసుకునేవారికి చెప్పండి. ముదురు రంగు కొత్త బట్టలను ఉతకకుండా తొడిగితే వాటి రంగు వినైల్‌లోకి ఇంకి అంత సులువుగా పోదు. వార్తాపత్రికలో చుట్టినా అంతే. నేరుగా ఎండ పడితే వినైల్ పసుపు పడుతుంది.

కారులో బొమ్మను ఒంటరిగా వదలకండి. 2016లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, కీన్ పట్టణంలో ఎండకు నిలిపి ఉన్న కారులో కదలకుండా పడి ఉన్న బిడ్డను చూసి ఒక పోలీసు అధికారి అద్దం పగలగొట్టి బయటికి తీశాడు, తీసిన తరువాతే అది రీబార్న్ బొమ్మ అని తెలిసింది. ప్రయాణంలో బొమ్మను పెట్టెలో సర్ది, లోపల ఉన్నది బొమ్మ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.